మా నీళ్ళ చప్పుడు

నడక 1వ రోజు

పొద్దున సుంకమ్మ మేకు కొట్టింది. పడమర దిక్కుకి, మూడు దెబ్బల్లో. ఊరంతా చప్పట్లు కొట్టింది, నేనూ కొట్టాను. మొదటి బండిలో డ్రైవరు హుసేనమ్మ కళ్ళెదురుగా ఉండే చెక్కపలక మీద ఇది ఇరవయ్యో మేకు. ఏటా ఒకటి, మేకు ఏ దిక్కున దిగితే ఆ దిక్కుకే ఊరు నడుస్తుంది. ఒకసారి దిగిన మేకు పైకి రావడమనేది ఈ పంతొమ్మిదేళ్ళలో లేదు.

సుంకమ్మ మా ఊరి పెద్ద. యాభై ఎనిమిదేళ్ళు, బక్కపలచని మనిషి, మాట తక్కువ. ఎటు పోవాలో చెప్పేది ఆమె. ఎటు నీళ్ళున్నాయో విని ఆమెకు చెప్పేది నేను. నా పేరు వన్నూరప్ప. పదహారేళ్ళుగా భూమిని వింటున్నాను. ఈ పుస్తకం రాయడం కూడా ఆ పనిలో భాగమే, నా తర్వాత వినబోయేవాళ్ళకు పనికొస్తుందని. చదువుతూ నన్ను తిట్టుకోకుండా ఉంటే అదే పదివేలు.

నిన్న రాతినేలలో నెర్రె చూసి కడ్డీ దించి అన్ని దిక్కులూ విన్నాను. పడమర కడ్డీకి తగిలించిన మీటరు నలభై ఒక్క గీతలు పలికింది. ఆగ్నేయం తొమ్మిది. మిగతావి రాయనక్కర్లేదు. నలభై ఒక్క గీతల నీరు నా సర్వీసులో ఎప్పుడూ వినలేదు. ఇరవై రోజుల దారి. ట్యాంకు బండి నిండుగా ఉంది, ముప్పై రెండు రోజులకు సరిపోతుంది. మొన్నటి వానల పుణ్యమా అని నిండు ట్యాంకుతో బయల్దేరడం మాకిదే మొదటిసారి. ఎప్పుడూ అది అడుగంటాకే భూమిని వినేవాళ్ళం.

పద్నాలుగు బండ్ల మీద కాపురముంటూ నడిచే ఊరు మాది, మొత్తం రెండొందల అరవై మందిమి. సాయంత్రం కొర్రన్నం, ఊరిబిండి పచ్చడి. అందరూ హుషారుగా ఉన్నారు.

3వ రోజు

మా ఏడో బండి కుడి చక్రాల చుట్టూ తిరిగే ఇనుప పట్టాలో పలక ఊడింది. ఇరవై మంది కాపురముండే ఇంటిని జాకీల మీద ఎత్తి పలక మార్చేసరికి నడుములు పడిపోయాయి. పైన ఎవరో తిరగమోత పెడుతూనే ఉన్నారు. "రొంత నిదానంగా ఎత్తండప్పా, చట్టి జారుతాంది" అని కిటికీలోంచి కేక. కింద ఉన్నవాళ్ళ గతేమిటని ఎవరూ అడగలేదు.

మధ్యాహ్నం అందరం పైకెక్కి, ఎండ పట్టి బండ్లను నడిపే ఎండరేకుల మీది దుమ్ము తుడిచాం. ఒక పూట తుడవకపోతే ఎనిమిది మైళ్ళు పోవలసిన ఊరు ఐదు మైళ్ళ దగ్గరే చతికిలబడుతుంది.

ఆగిన చోట కడ్డీ దించాను. ముప్పై ఎనిమిది. దగ్గరకు పోయేకొద్దీ పెరగాలి కదా. రాయి రకం మారిందిలే అనుకున్నాను.

5వ రోజు

ముప్పై ఐదు. రాయి మారలేదు.

మీటరు విప్పి తుడిచాను. తీగలు మార్చాను. ముప్పై ఐదే. మీటరు పాతబడింది, ఈసారి కొత్తది చేయించాలని రాసుకున్నాను. తన తల తప్ప మిగతావన్నీ అనుమానించడం మనిషికి బాగా చేతనవును.

6వ రోజు

ట్యాంకు కుళాయిల వాషర్లు అరిగిపోయాయి. మార్చడానికని ఇవాళ ఊరు ఆగింది. రెండు గంటల సేపు చుక్క నీళ్ళు పట్టడానికి లేదన్నారు. ఊరికే కూర్చోవడం ఎందుకని కడ్డీ దించాను.

పడమర సున్నా.

కడ్డీ ఊడిందేమో అని చూశాను. ఊడలేదు. ఇంతలో కుళాయిలు బాగుచేశారని కేక వేశారు, జనం బిందెలు పట్టుకుని పరిగెత్తారు. నా కళ్ళ ముందే ముల్లు లేచి ముప్పై మూడు దగ్గర నిలబడింది.

నేను విన్నది మా ట్యాంకును. ఊరు ఆగితే అది ఎప్పుడూ అందరికన్నా ముందు నిలబడుతుంది. మొదట విన్ననాడే మేం పడమరకు మొహం పెట్టి ఆగి ఉన్నాం కాబట్టి అది పడమరనే ఉంది. నిండుగా ఉన్నప్పుడు ధార గట్టిగా పడుతుంది, తగ్గేకొద్దీ మెత్తబడుతుంది. నలభై ఒకటి, ముప్పై ఎనిమిది, ముప్పై ఐదు, ముప్పై మూడు. మా ఊరు మా నీళ్ళ చప్పుడు వెనకే ఆరు రోజులు నడిచింది. పోయినేడాది వరకూ ట్యాంకు ఖాళీగా ఉన్నప్పుడే వినేవాణ్ణి కాబట్టి ఈ తప్పు జరగడానికి వీల్లేకపోయింది.

ఆగ్నేయం వైపు విన్నాను. ఎనిమిది. మొదటిరోజు కన్నా దూరమయ్యాం, ఒక గీత తగ్గింది. అసలు నీరు చేసే పని అదే.

ఎవరికీ చెప్పలేదు. కొర్రన్నం తిని పడుకున్నాను. సిగ్గుగా ఉంది.

7వ రోజు

పొద్దున్నే చెబుదామనుకున్నాను. చెప్పలేదు. పదహారేళ్ళుగా నా మాట మీద ఈ ఊరు నడిచింది, అది పోతుందని భయం. మధ్యాహ్నం లెక్క వేశాను. రేపు తిరిగితే అడ్డదారిన ఆగ్నేయం నీళ్ళకు ఇరవై మూడు రోజులు. రేపటికి ట్యాంకులో మిగిలేది ఇరవై నాలుగు రోజుల నీళ్ళు. ఎల్లుండి తిరిగితే చాలవు. లెక్క చూశాక కాళ్ళు వాటంతటవే లేచాయి.

సుంకమ్మ తన బండి పైన ఎండరేకులు తుడుస్తోంది. ఎప్పుడు తెలిసిందో తప్ప అంతా చెప్పాను. తుడిచే గుడ్డ ఆపకుండా వింది.

"ఎంత ఖాయంగా చెప్తాండావు?" అంది.

"పదికి ఏడు పాళ్ళు అక్కా."

"అంటే మూడు పాళ్ళు నువ్వు మొదట చెప్పిందే నిజం."

"కావచ్చు."

"మేకు కొట్టినాను వన్నూరప్పా. పీకితే ఏమైతాదో నీకు ఎరుకే కదా. పోయి నీ పని చూసుకో." గుడ్డ విసిరికొట్టింది.

ఎరుకే. మేకు పీకిన ఊరి పెద్ద తన బండి దిగాలి. ఆ నడక ముగిసేదాకా ఆఖరి బండి వెనక, దుమ్ములో నడవాలి. ఈ కట్టుబాటు పెట్టించింది ఈరన్న. ఇప్పుడు ఊళ్ళో అందరికన్నా పెద్దవాడు, డెబ్బై ఆరేళ్ళు. ఇరవై ఏళ్ళ కిందట, మేకులు లేని రోజుల్లో, అప్పటి పెద్ద ఒకే వేసవిలో ఆరుసార్లు దిక్కు మార్చాడు. ఊరు గుండ్రంగా తిరిగి బయల్దేరిన చోటికే వచ్చింది. ముప్పై ఏడు మంది దప్పికతో పోయారు. వాళ్ళలో ఈరన్న భార్య ఉంది. సుంకమ్మ తండ్రి కూడా ఉన్నాడు. కాబట్టి గుడ్డ విసిరికొట్టిందని నేనేమీ అనుకోలేదు.

పొద్దు వాలుతుండగా ఆమే వచ్చింది, నేను కడ్డీకి నూనె రాస్తుంటే.

"ఒకటి చెప్పు. నేను ఏమి వింటే పడమర తప్పని ఒప్పుకోవల్ల? ఏమి వింటే నీదే తప్పని నువ్వు ఒప్పుకుంటావు?"

పదహారేళ్ళలో నన్నెవరూ అలా అడగలేదు. ట్యాంకు బండిని రెండు మైళ్ళు వెనక్కి పంపి, కుళాయిలు తెరిచిపెట్టి వినాలన్నాను. అప్పుడూ పడమర పలికితే నేను చెప్పింది అబద్ధం. పలకకపోతే ఆమె మేకు అబద్ధం.

"రేపు పొద్దున్నే. అందరినీ రమ్మను" అంది.

8వ రోజు

ట్యాంకు బండి గొణుక్కుంటూ వెనక్కి పోయింది. ఊరంతా కడ్డీ చుట్టూ చేరింది. సుంకమ్మ మోకాళ్ళ మీద కూర్చుని తనే చెవి పెట్టింది. చాలాసేపు అలాగే ఉంది. తర్వాత ఎవరు కావాలంటే వాళ్ళను వినమంది. ఒకరి తర్వాత ఒకరు వంగి విన్నారు. పడమర ఏమీ లేదు. ఆగ్నేయం వైపు సన్నగా, పక్కింట్లో కుండలో నీళ్ళు పోస్తున్నట్టుగా వినిపించింది.

పన్నెండో బండివాళ్ళు నా మీదికి వచ్చారు. వీడి మాట నమ్మి ఎనిమిది రోజుల నీళ్ళు పాడుచేసుకున్నామని, వీణ్ణి ఇక్కడే దించేసి పోదామని. వాళ్ళను తప్పుపట్టడానికి నా దగ్గర ఏమీ లేదు.

"కడ్డీ వానిది, మేకు నాది. అడిగేదేమన్నా ఉంటే నన్ను అడగండి" అంది సుంకమ్మ. తర్వాత ఈరన్న వైపు తిరిగింది. "మామా, ఆ పెద్దాయన ఆరుసార్లు దిక్కు మార్చినాడే, యాల మార్చినాడు?"

ఈరన్న గడ్డం గోక్కున్నాడు. "యా బండోళ్ళు గట్టిగా అరిస్తే ఆ పక్కకి తిప్పినాడు."

"ఒక్కసారన్నా కడ్డీ దించినాడా?"

"లేదమ్మా. కడ్డీ అటకమీదే ఉండె."

"మార్చినందుకు పోయినారా మనోళ్ళు, వినకుండా మార్చినందుకు పోయినారా?"

ఈరన్న కళ్ళు తుడుచుకున్నాడు. ఆ ప్రశ్న తనకు తాను ఇరవై ఏళ్ళలో ఎప్పుడూ వేసుకోలేదేమో. "అయినా పీకితే నువ్వు దిగాల్సిందే సుంకీ. కట్టుబాటు కట్టుబాటే" అన్నాడు.

"దిగనని ఎవురన్నారు?"

మేకు పీకడం మాత్రం అనుకున్నంత సులువు కాలేదు. మూడు దెబ్బల్లో దిగిన మేకు, తలతో సహా చెక్కలోకి పోయింది. పట్టుకోవడానికి ఏమీ లేదు. హుసేనమ్మ తన సామాను పెట్టెలోంచి ఉలి, పట్టకారు తీసి ఇచ్చింది. చుట్టూ చెక్క తవ్వి, పట్టకారుతో పీకేసరికి గంట పట్టింది. సుంకమ్మ అరచేయి చీరుకుపోయింది. ఇంకెవరినీ ముట్టుకోనివ్వలేదు. మేకు బయటికొచ్చాక పలక మీద ఎలక కొరికినట్టుగా ఒక గుంట మిగిలింది.

"మిమ్మల్ని తప్పు దారి పట్టించినాను. నిన్న ఎరుకైంది, ఈ పొద్దు ఖాయమైంది. ఆగ్నేయానికి పోండి." అంతే మాట్లాడింది. చెప్పులు వేసుకుని బండి దిగింది. సుత్తి ఊళ్ళో వయసులో అందరికన్నా పెద్దవాడి చేతికి పోవాలి కాబట్టి ఆగ్నేయం మేకు ఈరన్న కొట్టాడు. ఆయనా తల లోపలికి పోయేదాకా కొట్టాడు, అలవాటు చొప్పున.

11వ రోజు

సుంకమ్మ మూతికి తడిగుడ్డ కట్టుకుని నడుస్తోంది. పద్నాలుగు బండ్ల దుమ్ము ఆమె మీదే పడుతోంది. దగ్గు మొదలైంది. హుసేనమ్మ సంగటి ముద్ద పంపిస్తే తింటోంది. ఆమెతో నడుద్దామని వెళ్ళాను, మేకు పీకింది నేను కదా నువ్వెందుకని తిట్టి పంపేసింది.

పన్నెండో బండివాళ్ళు వెనక కిటికీలు మూసేశారు. మాట తప్పిన మనిషి మొహం చూడరట. నీళ్ళు మనిషికి రోజుకు నాలుగు చెంబుల నుంచి మూడుకి తగ్గించారు, ఒకరోజైనా చేతిలో మిగలాలని.

ఆగ్నేయం తొమ్మిది. ట్యాంకును మూడు మైళ్ళు వెనక ఉంచే వింటున్నాను.

16వ రోజు

పన్నెండు గీతలు. గాలిమరల మొండేలు దాటాం. వరసగా నలభై ఉన్నాయి, రెక్కలు ఒక్కదానికీ లేవు. ఇనుము కోసుకుందామా అన్నారు. ఆగితే నీళ్ళు చాలవని ఈరన్న ఒప్పుకోలేదు. స్నానాలు లేవు. ఊరు మొత్తం ఒకే వాసన వస్తోంది కాబట్టి ఎవరికీ తెలియడం లేదు.

20వ రోజు

పదహారు గీతలు. కానీ చప్పుడు ఇప్పుడు మేకు చూపించే చోట లేదు. దూరం నుంచి సన్నగా విన్నప్పుడు తెలియలేదు, దగ్గరకొచ్చాక తేటపడింది. చెయ్యి చాపి కొలిస్తే నాలుగు వేళ్ళంత తూర్పుకి ఉంది. ఇలాగే పోతే నీళ్ళను పక్కన పెట్టుకుని దాటిపోతాం.

తెలిసిన నిమిషంలోనే ఈరన్నకు చెప్పాను. ఆ మాత్రం నేర్చుకున్నాను.

ఆయన సుత్తి ఒళ్ళో పెట్టుకుని కూర్చున్నాడు. తర్వాత కర్ర తీసుకుని, ఊరు ఆగినప్పుడు చూసి, ఆఖరి బండి వెనకకు నడిచాడు. నేనూ వెంట పోయాను. సుంకమ్మ రాయి మీద కూర్చుని కాలి బొబ్బలకు ఆముదం రాసుకుంటోంది.

"సుంకీ, చప్పుడు నాలుగు వేళ్ళు తూర్పుకంట."

"కడ్డీ దించినారా?"

"దించినారు."

"ట్యాంకు యాడుండె?"

"మూడు మైళ్ళ ఎనక."

"మల్ల నన్నేల అడుగుతావు మామా?"

ఈరన్న ఆమె పక్కనే కూర్చున్నాడు. "పీకేదానికి పానం ఒప్పటల్యా. ఇరవయ్యేండ్లు నేనే కదా చెప్తి, పీకగూడదని."

"నాకూ ఒప్పలేదు. ఆ మధ్యానమంతా వన్నూరప్పను చంపుదామనిపించె."

నేను పక్కనే నిలబడి ఉన్నానని వాళ్ళకు తెలుసు.

ఈరన్న మేకు పీకడానికి గంటన్నర పట్టింది. పీకి, సుత్తి పలక ముందు పెట్టి, కర్ర పట్టుకుని దిగాడు. సుత్తి తీసుకునేవాళ్ళు ఎవరని హుసేనమ్మ మూడుసార్లు అడిగింది. ఎవరూ ముందుకు రాలేదు. చివరికి ఆమే పలక మీద సుద్దముక్కతో ఒక గీత గీసుకుని బండి తిప్పింది.

22వ రోజు

ఇప్పుడు ఊరికి ముందు పెద్ద లేడు. వెనక ఇద్దరున్నారు.

ఈరన్న ఒకటిన్నర రోజు నడిచి కూలబడ్డాడు. బండెక్కనన్నాడు. హుసేనమ్మ పాత తలుపు ఒకటి తెచ్చి ఆఖరి బండికి తాడుతో కట్టింది. "ఇది బండి కాదు, తలుపు. కట్టుబాటులో తలుపు ఎక్కగూడదని యాడా లేదు" అంది. ఈరన్న ఆలోచించి, ఒప్పుకుని, ఎక్కి కూర్చున్నాడు. సుంకమ్మను కూడా లాగి కూర్చోబెట్టాడు. ఇద్దరూ గుడ్డలు కట్టుకుని దుమ్ములో ఈడ్చుకుంటూ వస్తున్నారు.

నీళ్ళ వంతుల గొడవ వస్తే జనం వెనక్కే పోయి అడుగుతున్నారు. పట్టా విరిగితే వెనక్కే పోతున్నారు. ఇవాళ పన్నెండో బండివాళ్ళు కిటికీ తెరిచారు. వాళ్ళకూ ఏదో అడిగేది ఉందట.

27వ రోజు

ఇరవై తొమ్మిది గీతలు. చప్పుడు సుద్దగీత మీదే ఉంది. ట్యాంకును మాటిమాటికీ వెనక్కి ఈడ్చి, కుళాయిలు తెరిచి వినడంలో లెక్కకు మించి నీళ్ళు పోయాయి, మూడు చెంబులు రెండయ్యాయి. పెదాలు పగిలి ఎవరూ ఎక్కువ మాట్లాడడం లేదు. నాకు నిద్ర పట్టడం లేదు. ఈసారి కూడా తప్పైతే ఈ పుస్తకం చదివేవాళ్ళెవరూ ఉండరు.

31వ రోజు

ఆగాం. నలభై గీతలు. ట్యాంకును మూడు మైళ్ళు కాదు, ఐదు మైళ్ళు వెనక నిలబెట్టి విన్నాను. నలభై.

పొద్దున బోరు దించారు. ముప్పై అడుగుల దాకా దుమ్ము. యాభై అడుగుల దగ్గర రాయి. మధ్యాహ్నానికి డెబ్బై అడుగుల దగ్గర మట్టి తడిగా వచ్చింది. దాన్ని అరచేతిలో పెట్టుకుని పిసికాను. ఏడ్చాను, అది కూడా రాయాలి కాబట్టి రాస్తున్నాను. తొంభై రెండు అడుగుల దగ్గర నీళ్ళు పడ్డాయి. మొదట ఎర్రగా, తర్వాత తేటగా. ట్యాంకు అడుగున ఒకటిన్నర రోజు నీళ్ళు మిగిలి ఉన్నాయి.

మొదటి చెంబు తీసుకుని తలుపు దగ్గరకు పోయాను. నీళ్ళు పడితే నడక ముగిసినట్టే, వాళ్ళిక బండెక్కవచ్చు. సుంకమ్మ సగం తాగి ఈరన్నకు ఇచ్చింది.

"అక్కా, నాకు ఆరో రోజే తెలుసు. ఒక దినమంతా దాచిపెట్టినాను" అన్నాను. చెబితే తిడుతుందనీ, తిడితే బాగుంటుందనీ అనుకున్నాను.

దగ్గు ఆగేదాకా ఆగింది. "నువ్వు చెప్పినాక నేను ఒక మధ్యానం దాచుకున్యా, నాకు నేనే. ఇద్దరం కలిసి ఇంగొక పూట దాచింటే చచ్చిపోయింటిమి" అంది. మళ్ళీ దగ్గింది. ఆ దగ్గు ఇక పోదని నాకు అర్థమైంది.

కొత్త నడక, 1వ రోజు

పది నెలలు ఇక్కడే ఉన్నాం. బోరు పొడిబారింది. నిన్న భూమిని విన్నాను. ఉత్తరం పంతొమ్మిది.

పెద్ద ఎవరని చేతులెత్తమంటే అందరూ సుంకమ్మ వైపే చూశారు. పన్నెండో బండివాళ్ళు కూడా. కాకపోతే వాళ్ళు చేతులు అందరికన్నా ఆలస్యంగా ఎత్తారు. ఈరన్న సుత్తి తెచ్చి ఇచ్చాడు.

సుంకమ్మ సుత్తి ఎత్తి, దించి, నా వైపు తిరిగింది. "ట్యాంకు యాడుండె?"

"ఐదు మైళ్ళ అవతల అక్కా. కుళాయిలు తెరిచిపెట్టినాము."

అప్పుడు కొట్టింది. ఒక దెబ్బ. ఇంకొకటి. అక్కడితో ఆపి సుత్తి కింద పెట్టింది. మేకు సగమే దిగింది. వేలెడంత బయటికి నిక్కి ఉంది.

"ఇంగొకటి కొట్టల్లమ్మా" అన్నాడు ఈరన్న.

"చాలు మామా. పట్టకారుకి అందల్ల కదా."

"అట్ల నిక్కి ఉంటే ఎట్ల? వచ్చేటప్పుడు పోయేటప్పుడు హుసేనమ్మ కొంగు తగులుకుంటాది."

"తగులుకోనీ. ఉండాదని గుర్తుంటాది."

హుసేనమ్మ కొంగు బొడ్లో దోపుకుని బండి కదిలించింది.